ఓడిపోని పుల్లాట

అన్న శవాన్ని తమ్ముడు గుర్తుపట్టకూడదు. ఆ ఉద్యోగం అలాంటిది.

మూడో అంతస్తులో మెట్ల పక్క గది. బల్ల మీద వరసగా టేప్ రికార్డర్లు, చుట్టూ క్యాసెట్ల గుట్టలు, నేల మీద వెల్లకిలా పడి ఉన్న మనిషి. గుండెలో ఒకే ఒక్క తూటా. గుమ్మంలో ఆగిన కొత్త మనిషిని చూసి పోలీసు ఇన్‌స్పెక్టర్, "ఎవరయ్యా నువ్వు? ఈయన నీకు తెలుసా?" అన్నాడు.

"తెలీదండీ. నీళ్ళ మీటరు చూడ్డానికి వచ్చాను," అన్నాడు తాబేలు.

నిదానంగా మెట్లు దిగాడు. వీధి మలుపు తిరిగాక, మూసి ఉన్న ఒక షాపు మెట్టు మీద కూర్చున్నాడు. చెప్పు తెగినవాడిలా కాలు పట్టుకుని వంగి, ఎవరికీ కనబడకుండా ఏడ్చాడు.

తాబేలు అన్నది గూఢచారి బ్యూరో పెట్టిన కోడ్‌నేమ్. మాట నిదానం, నడక నిదానం, గురి మాత్రం తప్పదు. భార్యకీ, బడికెళ్ళే కూతురికీ, ఇరుగుపొరుగుకీ అతను నీళ్ళ మీటర్లు చూసే గుమాస్తా. అమ్మా నాన్నా పోయాక తనని పెంచి పెద్దచేసిన అన్నకి కూడా అంతకుమించి తెలియదు. రోజూ పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు ఆ ఒక్క అబద్ధానికీ క్షమాపణ అడుగుతుంటాడు. దేశం కోసం ఆడిన అబద్ధం అసలు అబద్ధం కిందకి వస్తుందా రాదా అన్నది అతనికి ఇప్పటికీ తేలలేదు.

అన్న పోయిన అయిదో రోజున బ్యూరోలో చీఫ్ గది తలుపు వేసేసి, "కూర్చో," అన్నాడు.

"నిలబడతాను సార్."

"కూర్చోవయ్యా. నిలబడి వినే సంగతి కాదు."

తాబేలు కూర్చున్నాడు.

"మీ అన్న శత్రుదేశపు ముఠా మనిషి," అన్నాడు చీఫ్.

గోడ మీద ఫ్యాను తిరుగుతోంది. తాబేలు లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"పుల్లాట తెలుసుగా?" అన్నాడు చీఫ్ మళ్ళీ.

తెలియకేం. ఇళ్ళల్లో టీవీకి తగిలించుకునే కంప్యూటర్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. అన్న వాటికి ఆటలు రాసి, క్యాసెట్ల మీద ఎక్కించి అమ్మేవాడు. అందులో పేరు తెచ్చుకున్నది పుల్లాట. టీవీ తెర మీద నాలుగు వరసల్లో పుల్లలు కనబడతాయి: ఒకటి, మూడు, అయిదు, ఏడు. వంతు వచ్చినప్పుడు ఏదో ఒక వరసలోంచి ఎన్నయినా తీయొచ్చు. ఆఖరి పుల్ల ఎవరికి మిగిలితే వాళ్ళు ఓడినట్టు. చూడ్డానికి పిల్లలాట, లోపలంతా గణితం. కంప్యూటర్ ఎంతో మర్యాదగా 'ముందు మీరు' అంటుంది. ఆ మర్యాదలోనే ఉంది కిటుకు. రెండో ఆటగాడు తప్పు చెయ్యకపోతే ముందు మొదలుపెట్టినవాడు ఓడి తీరాలి. కంప్యూటర్ తప్పు చెయ్యదు.

"ఎగ్జిబిషన్‌లో ఆ ఆటకి పెద్ద స్టాల్ పెట్టారు," అన్నాడు చీఫ్. "మనిషిని ఓడించే మిషన్ అని బోర్డు. జనం క్యూ కట్టి మరీ ఓడిపోతున్నారు. అయితే ఏ వరసలో, ఏ క్రమంలో, ఎన్ని తీయాలో ముందే తెలిసినవాడు ఒకడున్నాడు. నోటితో పలకని కోడ్‌వర్డ్ అన్నమాట. అలా ఆడితే మిషన్ కావాలని ఓడిపోయి తెర మీద ఒక అడ్రస్ చూపిస్తుంది. రెప్పపాటులో చెరిపేస్తుంది. చదివినవాడు ఆ ఇంటికెళ్ళి చంపుతాడు."

"ఎవడు సార్ వాడు?"

"పేరు లేదు, ఫోటో లేదు. మనం 'చుట్టం' అంటున్నాం. తలుపు తట్టి మరీ చంపుతాడు. మిషన్ రాసినవాడెవడో చుట్టానికి తెలీదు, చుట్టం ఎవడో రాసినవాడికి తెలీదు. వాళ్ళ ముఠా పద్ధతే అది."

చీఫ్ అసలు సంగతి చెప్పాడు. శత్రుదేశం నుంచి పారిపోయి వచ్చిన రేడియో ఇంజినీరు ఒకాయన, భార్యతోనూ చంటిపాపతోనూ బ్యూరో ఇచ్చిన ఇంట్లో తలదాచుకుంటున్నాడు. ఎన్ని ఇళ్ళు మార్చినా అడ్రస్ పొక్కిపోతూనే ఉంది. ఇప్పటి అడ్రస్ ఆ క్యాసెట్‌లో ఉంది. చుట్టం ఇంకా దాన్ని చదువుకోలేదు. రేపో మాపో వస్తాడు.

"క్యాసెట్ పట్టేసుకుంటే?"

"వాడు ఇంకో దారి వెతుక్కుంటాడు. వాడి మొహం మనకి తెలియాలంటే ఒకటే ఉపాయం. ఆ మిషన్‌ని ఎవడు ఓడిస్తే వాడే చుట్టం. వాణ్ణి అక్కడే పట్టుకోవాలి. జనంలో కలిశాడో, ఆ పాపకి తెల్లారదు."

"ఇదంతా మనకెవరు చెప్పారు?"

"పట్టుపురుగు. మన డబుల్ ఏజెంట్," చీఫ్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "మీ వదిన."

తాబేలుకి ఆమె అంటే మొదట్నుంచీ పడదు. తారలాంటి మనిషి తన అన్నలాంటి మసి చేతుల మనిషిని చేసుకోవడమేమిటని అనుమానం. ఆ అనుమానం నిజమే. ముఠా చెబితేనే ఆమె అతణ్ణి పెళ్ళి చేసుకుంది. చేసుకున్నాక ప్రేమ పుట్టింది. ఆ ప్రేమ కోసమే బ్యూరో తలుపు తట్టింది. అన్నని మెల్లిగా బయటికి లాగుదామనుకుంటున్నంతలో అన్నే పోయాడు.

"వాళ్ళ మనిషిని వాళ్ళే ఎందుకు చంపారు సార్?"

"అదే నాకూ అర్థం కావట్లేదు," అన్నాడు చీఫ్.

మర్నాడు తాబేలు ఊడ్చేవాడి వేషంలో ఎగ్జిబిషన్‌లో ఉన్నాడు. ఖాకీ చొక్కా, బకెట్టు, పొడుగు కర్ర చీపురు. కర్రలో ట్రాన్స్‌మిటర్ ఉంది. స్టాల్ దగ్గర చూడ్డానికి వచ్చినవాళ్ళలా బ్యూరో కుర్రాళ్ళిద్దరు పాప్‌కార్న్ తింటూ తిరుగుతున్నారు.

స్టాల్ మీద వదిన మెరుస్తోంది. తళుకుల డ్రెస్సు, ఎర్రటి పెదవులు, చేతిలో మైకు. "రండి బాబూ రండి! మిషన్‌తో పందెం! మీ తెలివి గొప్పదా, దీని తెలివి గొప్పదా?" భర్త పోయి వారం కాలేదు. ఏడిస్తే ముఠాకి అనుమానం. అందుకని నవ్వుతోంది. ఓడిపోయిన ప్రతివాడితోనూ జోకులేస్తోంది. ఆ నవ్వు చూడలేక తాబేలు ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాడు.

జనం పలచబడినప్పుడు ఆమె తెర వెనక్కి వచ్చింది. అతనూ బకెట్టుతో వెళ్ళాడు.

"ఏం మరిదిగారూ, నీళ్ళ మీటర్లు మానేసి చీపురు పట్టారా?" అంది. గొంతు మాత్రం బొంగురుపోయి ఉంది.

"మేడమ్, మనకి టైం లేదు."

"మేడమ్ అట!" మొహం తిప్పుకుంది. "నన్ను వదినా అని ఒక్కసారి కూడా పిలవలేదని ఆయన ఎంత బాధపడేవారో తెలుసా?"

తాబేలు వంగి బకెట్టు పక్కకి జరిపాడు.

"ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు," అందామె. "మీ బ్యూరోవాళ్ళేనా ఆయన్ని చంపింది?"

"మేమా? ముఠావాళ్ళు కదా?"

"వాళ్ళు నన్ను పిలిచి రెండు గంటలు నిలదీశారు. మన మనిషిని ఎవరు చంపారు, నువ్వేమైనా వాగావా అని. వాళ్ళకీ తెలీదు. మీరే చంపారని వాళ్ళనుకుంటున్నారు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దేవుడు చూస్తూనే ఉంటాడంటారు గదా, ఆయనొక్కడికే తెలిసిన సంగతిని మనిషి ఎవర్ని అడగాలి అనుకున్నాడు తాబేలు.

"వాడు గెలవగానే నేను మైకులో 'చప్పట్లు కొట్టండి' అంటాను," అందామె. "అదే గుర్తు." కళ్ళ కింద పౌడర్ అద్దుకుని, నవ్వు తగిలించుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం దాటాక ఒక ముసలమ్మ వచ్చింది. మనవరాలి చెయ్యి పట్టుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని, కీబోర్డు ముందు కూర్చుంది.

"ఇది కరవదు కదమ్మా?" అంది.

"కరవదు బామ్మగారూ, ఓడిస్తుందంతే," అంది వదిన. జనం నవ్వారు.

ముసలమ్మ భయం భయంగా ఒక పుల్ల తీసింది. మిషన్ మూడు తీసింది. ముసలమ్మ మళ్ళీ ఒకటి. మళ్ళీ ఒకటే. ఎన్నిసార్లు వంతు వచ్చినా ఒక్కొక్క పుల్లే, వేడి గిన్నె ముట్టుకున్నట్టు. చూస్తూ చూస్తూ ఉండగానే మిషన్‌కి ఆఖరి పుల్ల మిగిలింది. తెర మీద 'మీరే గెలిచారు' అని పడింది. జనం గోలగోలగా అరిచారు.

పాప్‌కార్న్ పొట్లాలు కింద పడ్డాయి. బ్యూరో కుర్రాళ్ళిద్దరూ వదిన సైగ కోసం కూడా ఆగకుండా, జేబుల్లో చేతులు పెట్టుకుని ముసలమ్మ మీదికి వస్తున్నారు.

తాబేలు ఊడ్చడం ఆపేశాడు. భయంతో కాదు. ఆ ఆట అతనిదే. చిన్నప్పుడు గచ్చు మీద అగ్గిపుల్లలు పేర్చుకుని అన్నతో ఆడినప్పుడు, ఓడిపోతానేమోనని ఒక్కొక్కటే తీసేవాడు. ఎన్ని తీస్తే గెలుస్తాడో అన్నకి క్షుణ్ణంగా తెలుసు. తెలిసీ, ఏదో పొరపాటు చేసినట్టు తల గోక్కుంటూ, ఆఖరి పుల్ల తానే తీసుకునేవాడు. పెద్దయ్యాక మిషన్‌కి లెక్కలన్నీ నేర్పాడు గానీ, భయపడుతూ ఆడేవాణ్ణి ఓడించడం మాత్రం నేర్పలేకపోయాడు. అది ముఠాకి తెలీదు. బ్యూరోకీ తెలీదు. ఈ లోకంలో ఆ బలహీనతని గుర్తుపట్టగలవాడు ఒక్కడే, వాడు చీపురు పట్టుకుని నిలబడ్డాడు.

బకెట్టుని కాలితో తన్నాడు. సబ్బునీళ్ళు గచ్చంతా పారాయి. కుర్రాళ్ళిద్దరూ జర్రున జారి ఒకరి మీద ఒకరు పడ్డారు.

"కళ్ళు కనబడవుట్రా నీకు?" అని అరిచాడు ఒకడు.

"తప్పయిపోయింది బాబూ," అంటూ తుడుస్తున్నట్టు వంగి, "ఆవిడ కాదు, వెధవల్లారా. వెళ్ళి గేటు దగ్గర నిలబడండి," అన్నాడు పళ్ళ బిగువున.

ముసలమ్మ మనవరాలిని ముద్దు పెట్టుకుని, "చూశావా, మిషనయినా మంచిదే పాపం," అనుకుంటూ వెళ్ళిపోయింది. వదిన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అన్న ఆటలోని ఆ మెత్తదనం ఆమెకీ తెలుసని తాబేలుకి అప్పుడు అర్థమయింది.

"ఇవాళ మిషన్‌కి ఒంట్లో బాగాలేనట్టుంది," అన్నారెవరో క్యూలో. "ఇదే అదను, నేనూ ఆడతా." నవ్వుతూ ముందుకొచ్చినవాడు పొట్టిగా, బొద్దుగా, బడి మాస్టారిలా ఉన్నాడు. ముక్కు ఎర్రబడి ఉంది. తుమ్మి, "క్షమించండి, జలుబు," అన్నాడు. బయట ఎండ మండిపోతోంది. అతని చంకలో గొడుగుంది.

అతను ఒక్కొక్క పుల్లా తీయలేదు. ఏడు పుల్లల వరసలోంచి నాలుగు తీశాడు. తర్వాత మూడింట్లోంచి రెండు. ఆలోచించలేదు, తడుముకోలేదు. ఇంటి నంబరు చెబుతున్నవాడిలా మీటలు నొక్కుకుంటూ పోయాడు. మిషన్ ఓడిపోయింది. తెర మీద ఒక అడ్రస్ వెలిగి ఆరిపోయింది. గెలిచినందుకు అతను నవ్వను కూడా లేదు. జేబురుమాలుతో ముక్కు తుడుచుకుని లేచాడు.

"చప్పట్లు కొట్టండి!" అంది వదిన మైకులో. గొంతు వణికింది. రోజంతా ఎంత బాగా నటించినా, ఆ ఒక్క మాట దగ్గర వణికింది.

అతను ఆగాడు. మెల్లిగా వెనక్కి తిరిగి ఆమె మొహంలోకి చూశాడు. గొడుగు కొన ఆమె గుండెకి ఎదురుగా లేచింది. కుర్రాళ్ళిద్దరూ గేటు దగ్గర, అరిచినా వినబడనంత దూరంలో ఉన్నారు. జనం చప్పట్లు కొడుతున్నారు.

జీవితంలో మొదటిసారి తాబేలు నిదానంగా కదల్లేదు. చీపురు కర్రతో గొడుగుని కింద నుంచి పైకి కొట్టాడు. టప్‌మని చిన్న చప్పుడు. వదిన చెవి పక్క నుంచి తూటా దూసుకుపోయి టీవీలో దిగింది. తెర పగిలి గాజుపెంకులు వర్షంలా రాలాయి. రెండో దెబ్బ మోకాలి మీద పడింది. మూడోది వేసే అవసరం రాలేదు. చుట్టం సబ్బునీళ్ళ మీద జారి బోర్లా పడ్డాడు.

ఇంకొక్క క్షణం ఆలస్యమైతే వదిన ఉండేది కాదు. ఇంకొక్క గంట ఆలస్యమైతే ఏదో వీధిలో, ఏదో తలుపు వెనక, ఆ చంటిపాప ఉండేది కాదు.

బ్యూరో గదిలో చుట్టాన్ని కుర్చీకి కట్టేశారు. బల్లకి ఇటుపక్క చీఫ్, మూల కుర్చీలో తళుకుల డ్రెస్సు మీద శాలువా కప్పుకున్న వదిన, గోడకి ఆనుకుని ఖాకీ చొక్కా ఇంకా విప్పని తాబేలు.

"ఇంజినీరు ప్రాణాలు దక్కాయి. సంతోషమేగా మీకు?" అన్నాడు చుట్టం, ముక్కు ఎగబీలుస్తూ. "మరీ అంత సంబరపడకండి సార్. మీ బంగారుకొండని ముందే పైకి పంపించేశాను."

"ఎవర్ని?" అన్నాడు చీఫ్.

"తాబేలుని."

గోడకి ఆనుకున్న ఊడ్చేవాడి వైపు చుట్టం కన్నెత్తి కూడా చూడలేదు.

"పోయిన వారం ఇదే మిషన్ నాకు అడ్రస్ చూపించింది. 'తాబేలు. మూడో అంతస్తు, మెట్ల పక్క గది. ఒక్కడే ఉంటాడు.' వెళ్ళి తలుపు తట్టాను. చేతిలో స్క్రూడ్రైవర్‌తో తలుపు తీశాడు. 'తాబేలంటే నువ్వేనా?' అన్నాను. సాధారణంగా ఎవడైనా కాదంటాడు సార్. కాళ్ళ మీద పడతాడు. ఈయన, ఎప్పట్నుంచో ఎదురుచూస్తున్నవాడిలా, 'నేనే' అన్నాడు. పైగా 'ఒక్క నిమిషం బాబూ, సోల్డరింగ్ ఐరన్ ఆపొస్తాను, కింద వాటాలో పిల్లలున్నారు' అన్నాడు. ఆపి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఈ పనిలో అలాంటివాణ్ణి నేను చూడలేదు. మీ తాబేలు గట్టివాడు సార్."

చీఫ్ మొహం పాలిపోయింది. చుట్టాన్ని తీసుకెళ్ళమని సైగ చేశాడు.

గదిలో ముగ్గురే మిగిలారు. వదిన నోరు విప్పింది.

"ఆ సాయంత్రం క్యాసెట్‌లో అడ్రస్‌లు ఎక్కిస్తూ ఆగిపోయారు. ఉన్నట్టుండి నవ్వారు. ఏమిటండీ అంటే, 'మా తమ్ముడికి చిన్నప్పుడు అబద్ధమాడ్డం బొత్తిగా వచ్చేది కాదు, ఎప్పుడు నేర్చుకున్నాడో' అన్నారు. నాకేం అర్థం కాలేదు. 'రోజూ ఇంత దూరం ఏం వస్తావు, ఎగ్జిబిషన్ దగ్గరే హోటల్లో ఉండిపో' అన్నారు. విసుక్కుంటున్నారేమోనని నేను అలిగి వెళ్ళాను."

తాబేలుదని చెప్పి ముఠా అన్నకిచ్చిన అడ్రస్ తమ్ముడి ఇల్లు. అది అన్నకి తెలియని ఇల్లా? ఆదివారాలు వచ్చి, సొంత బిడ్డలా చూసుకుంటూ తమ్ముడి కూతుర్ని భుజాన ఎక్కించుకుని తిప్పిన ఇల్లే. అక్కడ ఎవరు తలుపు తట్టినా పరుగెత్తుకెళ్ళి గడియ తీసేది ఆ పిల్లే. అడ్రస్ రాయకుండా వదిలేస్తే ముఠా ఇంకొకణ్ణి పంపుతుంది. పారిపొమ్మని చెబితే ఎన్నాళ్ళు పారిపోతాడు? తాబేలు చచ్చిపోయాడని తేలితే తప్ప వాళ్ళు వెతకడం మానరు. అందుకే ఆ అడ్రస్ బదులు తన గది అడ్రస్ ఎక్కించాడు. అన్న లెక్కలో ఎప్పుడూ తప్పు రాదు.

చిన్నప్పుడు అబద్ధమాడితే కళ్ళు పోతాయని చెప్పింది కూడా అన్నే. మరి ఆ ఆఖరి అబద్ధాన్ని, 'నేనే' అన్న ఆ రెండక్షరాల్ని, దేవుడు ఏమని విని ఉంటాడు? తాబేలు చాలాసేపు ఆలోచించాడు. దేశద్రోహం చేసినవాడికి శిక్ష ఉంటుంది. ఉండాలి కూడా. అయినా ఆ శిక్ష రాసేటప్పుడు దేవుడి చెయ్యి ఒక్క క్షణమైనా ఆగదా?

"వదినా," అన్నాడు. "లేవండి. ఇంటికి వెళదాం. పిల్ల ఎదురుచూస్తుంటుంది."

ఆమె శాలువాలో మొహం దాచుకుంది. వారం నుంచి దాచుకున్న ఏడుపంతా అప్పుడు వచ్చింది. అతను పక్కన కూర్చుని, ఆమె ఆపేదాకా ఆగాడు. నిదానంగా ఆగడం అతనికి బాగా వచ్చు.

తలుపు దగ్గర చీఫ్ అతన్ని ఆపాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"వాళ్ళ ఫైల్లో నువ్వు చనిపోయావు. ఇక నిన్నెవరూ వెతకరు. మీ అన్న అది నీకిచ్చి పోయాడు. మన రికార్డులో కూడా అలాగే ఉంచుతాను. రేపట్నుంచి నీకు కొత్త పేరు పెట్టాలి."

"చచ్చిపోయాను కదా సార్. నాలుగు రోజులు సెలవు ఇప్పించండి."

"బతికున్నవాళ్ళకే సెలవు ఇవ్వలేక ఛస్తున్నాను," అన్నాడు చీఫ్, కళ్ళజోడు పెట్టుకోకుండానే. "చచ్చినవాడివి, నిన్నెవడు అడుగుతాడయ్యా? వెళ్ళు."